కొమ్ము ఉన్నవన్నీ ఒకే చేప కాదు

బుచ్చయ్యపేట (మా విలేకరి): 2025 జులైలో పూడిమడక నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారుణ్ణి గాలానికి పడిన కొమ్ముకోనాం సముద్రంలోకి లాక్కుపోయిన సంగతి పాఠకులకు విదితమే. 2022 ఫిబ్రవరిలో పరవాడ తీరానికి చెందిన యువకుడొకరు ఇలాంటి చేప కొమ్ము గుచ్చుకుని మరణించాడు. చెరకు తప్ప సముద్రమెరుగని మన మండలంలోనూ ఈ చేప గురించి చర్చ జరిగింది. అయితే ఏ చేప అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

ముందుగా, పేరులో కోనాం ఉన్నా వంజరం జాతి కోనాంకూ దీనికీ కుటుంబమే వేరు. పైగా కొమ్ముకోనాం అన్నది ఒక చేప కాదు. వీపురెక్క తెరచాపలా నిలిచి ఉంటే సెయిల్‌ఫిష్. కొమ్ము కత్తిలా బల్లపరుపుగా ఉండి, పొట్ట కింద రెక్కలు లేకుండా, తోక మొదట్లో పక్కకొక్క గట్టే ఉంటే స్వార్డ్‌ఫిష్. కొమ్ము గుండ్రంగా ఉండి, పక్కకు రెండేసి గట్లుంటే మార్లిన్. అందులోనూ మొప్పల పక్క రెక్కలు ఎంత నొక్కినా ఒంటికి అంటుకోకుండా బిర్రుగా నిలిస్తే అది నల్ల మార్లిన్. ఇందులో ఆడచేపే పెద్దది. 1953లో పెరూ తీరంలో పడినది 708 కిలోలు తూగింది, సుమారు ఒక జత ఎడ్ల బరువు! చిన్న పడవలో చేతితాడుతో దాన్ని ఆపడం ఎవరితరం?

స్వార్డ్‌ఫిష్ తీరు వేరు. పగలు 500 మీటర్ల లోతు దాటి దిగుతుంది, రాత్రి పైకొస్తుంది. అంత చలిలోనూ కంటి దగ్గరి కండరం ఒకటి వేడి పుట్టించి కంటినీ మెదడునీ కాపాడుతుంది.

విశాఖ తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలను స్థానికుల పేర్లతో సహా ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1803లోనే లండన్‌లో అచ్చువేయించారు. మనం మాత్రం ఇన్ని జాతులనూ ఒకే పేరుతో సరిపెడుతున్నాం. ఇది మాటవరసకు చెప్పేది కాదు. భారతదేశం సభ్యురాలైన హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2018లో నల్ల మార్లిన్ వేటకు ఏటా 9,932 టన్నుల పరిమితి పెట్టింది. రేవులో జాతివారీగా రాయకపోతే ఆ లెక్క తేలేదెలా?

కొనేవారికీ ఇందులో పని ఉంది. చేపలను తిని బతికే వీటి కండలో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు మార్లిన్, స్వార్డ్‌ఫిష్ తినవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచించింది. ముక్కలు కోసి అమ్మేచోట తలా ఉండదు, కొమ్మూ ఉండదు. ఏ చేపో కోయకముందే అడగాలి.