బస్సు ఫ్రీ, మెట్రో పక్కనే... మరి ఆటో ఎందుకు?

లక్డీకాపూల్ పేరు మొదటిసారి వింటే అక్కడేదో పూల మార్కెట్ ఉందేమో అనిపిస్తుంది. పూలూ లేవు, పేరులో ఉన్న వంతెనా లేదు. లక్డీ అంటే కర్ర, పుల్ అంటే వంతెన. కర్ర వంతెన పోయి పేరు మిగిలింది. ఇప్పుడక్కడ పైన మెట్రో, కింద ఎంఎంటీఎస్, మధ్యలో రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు. రాత్రయితే జిల్లాలకు బయల్దేరే ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు సరేసరి. హైదరాబాద్‌లో ఇన్ని రకాల బళ్లు ఒక్కచోట దొరికే సెంటర్లు చాలా తక్కువ.

అయినా అదే సెంటర్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఆటోలతో బేరాలు నడుస్తూనే ఉంటాయి. ఎందుకు?

బండి దొరక్క కాదు. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడమే అసలు కష్టం.

ఒక మామూలు ప్రయాణం తీసుకుందాం. మహబూబ్‌నగర్ నుంచి ఒక తల్లి, జ్వరం తగ్గని పిల్లాణ్ని ఎత్తుకుని నిలోఫర్ ఆస్పత్రికి బయల్దేరింది అనుకోండి. 1953 నుంచి పిల్లలకు పెద్ద దిక్కుగా ఉన్న సర్కారు దవాఖానా అది. లక్డీకాపూల్ పక్కనే, రెడ్‌హిల్స్‌లో ఉంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది కాబట్టి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆమెకు జీరో టికెట్. దాదాపు వంద కిలోమీటర్లు పైసా ఖర్చు లేకుండా వచ్చి ఎంజీబీఎస్‌లో దిగింది. ఇక మిగిలింది నాలుగైదు కిలోమీటర్లు. ఆమె జేబుకు చిల్లు పడేది ఇక్కడే.

సిటీ బస్సెక్కితే ఫ్రీ. కానీ ఏ నంబరు? ఏ ప్లాట్‌ఫామ్? ఎక్కడ దిగాలి? ఒకరేమో అటు పొమ్మంటారు, ఇంకొకరు ఇటు పొమ్మంటారు. ఒక్కటే చాలు అన్నట్టు పేర్లతో ఇంకో తిరకాసు. 'మెట్రో ఎక్స్‌ప్రెస్' అని రాసున్న బస్సులో ఆడవాళ్లకు ఫ్రీ. అసలు మెట్రో రైల్లో మాత్రం డబ్బులు కట్టాలి, 2025 మే నెలలో ఆ చార్జీలు పెరిగాయి కూడా. 'మెట్రో ఫ్రీ అన్నరు కదా' అని ఎవరైనా అడిగితే నవ్వకండి. ఆ పేర్లు పెట్టినవాళ్లనే అడగాలి.

ఒళ్లో పిల్లాడు ఏడుస్తుంటాడు. ఓపీ టైమ్ దాటిపోతుందేమోనని భయం. అప్పుడు 'దవాఖానా గేటు కాడ దింపుతా' అంటూ ఆటో అన్న వస్తాడు. ఆయన అడిగింది ఇచ్చేయడం తెలివితక్కువతనం కాదు. ఆ క్షణంలో ఆమె కొనుక్కుంటున్నది సీటు కాదు, అయోమయం నుంచి విడుదల.

రవాణా ప్లాన్లు వేసేవాళ్లకు ఇది తెలియని సంగతేం కాదు. బస్టాపులో నిలబడ్డ ఒక నిమిషాన్ని, బస్సులో కూర్చున్న నిమిషానికి దాదాపు రెట్టింపుగా లెక్కేయడం వాళ్లకు అలవాటే. నడకకూ అంతే. అందుకే ఎంఎంటీఎస్ స్టేషన్ నుంచి మెట్రో స్టేషన్‌కి మ్యాపులో దూరం కొంచెమే కనిపించినా, ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటాల్సిన ముసలాయనకు అదే పెద్ద ప్రయాణం.

స్మార్ట్‌ఫోన్ ఉన్న మనకైనా సుఖముందా అంటే అదీ అంతంతే. బస్సు ఎక్కడుందో చూడ్డానికి 'గమ్యం' యాప్. ఎంఎంటీఎస్ టికెట్‌కి 'రైల్‌వన్'. మెట్రోకి వాట్సాప్ లేదా ఇంకో యాప్. ఒక్క మనిషి, ఒక్క దారి, మూడు టికెట్లు. బండి మారిన ప్రతిసారీ కనీస చార్జీ మళ్లీ మొదటి నుంచి.

తమాషా ఏంటంటే, ఈ ఊళ్లో ప్రభుత్వ బస్సుల కథ మొదలైందే రైలుతో కలిసి. 1932లో నిజాం స్టేట్ రైల్వేలోనే ఒక విభాగంగా రోడ్డు రవాణా శాఖ పుట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. అంటే రైలూ బస్సూ ఒకే గొడుగు కింద ఉండేవి. 1951లో నిజాం రైల్వే భారతీయ రైల్వేలో కలిసింది, బస్సులు రాష్ట్రం చేతిలో ఉండిపోయాయి. 2003లో ఎంఎంటీఎస్ వచ్చింది, అది రైల్వేది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో నడవడంతో లక్డీకాపూల్‌కీ స్టేషన్ వచ్చింది, దానికి వేరే యాజమాన్యం. ఎవరి టైమ్‌టేబుల్ వారిది, ఎవరి గల్లాపెట్టె వారిది.

వీటన్నిటినీ కలిపి చూడ్డానికి ఒక సంస్థ కావాలని మనవాళ్లకు తట్టలేదా అంటే, తట్టింది. 2008లోనే హైదరాబాద్‌కి ఏకీకృత మహానగర రవాణా సంస్థను ఏర్పాటు చేశారు. పేరుంది, కాగితముంది. చేతిలో ఒక్క టికెట్ మాత్రం ఇంకా రాలేదు.

సాధ్యం కాదు అనడానికి లేదు. పక్కనున్న చెన్నైలో 2025 సెప్టెంబర్‌లో 'చెన్నై వన్' యాప్ తెచ్చారు. బస్సు, లోకల్ రైలు, మెట్రో మూడింటికీ ఒకే క్యూఆర్ టికెట్. లండన్‌లో 2016 నుంచి ఒకసారి బస్సు చార్జీ కడితే గంటలోపు ఇంకో బస్సుకి మారినా మళ్లీ కట్టక్కర్లేదు. బండి మారడం ప్రయాణికుడి తప్పు కాదని వాళ్లు ఒప్పుకున్నారు, అంతే తేడా.

మనకూ ఆ రోజు రావాలి. ఎన్ని కొత్త బస్సులు, ఎన్ని కొత్త మెట్రో లైన్లు అని నాయకులు లెక్కలు చెప్తుంటే, 'దిగినోళ్లు తర్వాతది ఎట్ల ఎక్కుతరు సార్?' అని అడగాల్సింది మనమే.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఊరి నుంచి చుట్టాలు దవాఖానాకి వస్తున్నామని ఫోన్ చేస్తారు. మనం 'లొకేషన్ పంపినా, చూస్కోండి' అని పెట్టేస్తాం. ఆ మ్యాపు మనకు అర్థమైనట్టు వాళ్లకు అర్థం కాదు. ఆ లింకు బదులు రెండు నిమిషాలు మాట్లాడండి. లేదా ఇలా ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి:

'చిన్నమ్మా, ఎంజీబీఎస్‌ల దిగినంక మెట్రో యాడుందో అడుగు. మియాపూర్ దిక్కు పోయేది ఎక్కు, ఎల్‌బీ నగర్‌ది కాదు. కౌంటర్‌ల పైసలిచ్చినా టికెట్ ఇస్తరు, ఫోన్ అక్కర్లేదు. ఐదో స్టేషన్ లక్డీకాపూల్. బాబును ఎత్తుకుని మెట్లు దిగకు, లిఫ్ట్ ఉంటది. కిందికి రాంగనే నాకు ఫోన్ చెయ్.'

వీలైతే ఆ లిఫ్ట్ దగ్గరే నిలబడి ఉండండి.