వంటింట వెలసిన స్మారకచిహ్నము

మహనీయుల పేరు చిరకాలము నిలుపుటకై లోకము పెక్కు మార్గములు కనిపెట్టినది. కొందఱికి శిలావిగ్రహములు నెలకొల్పుదురు. కొందఱి పేర వీధులను, విద్యాలయములను పిలుతురు. ఫ్రాన్సు దేశమున ఆంత్వాన్ ఓగుస్తాన్ పర్మాంతియే అను ఔషధశాస్త్రజ్ఞునకు ఇట్టి గౌరవములకు కొదవ లేదు. ఆయన జన్మించిన మాందిదియే పట్టణమున ఆయన విగ్రహము కలదు. పారిస్ నగరమున భూగర్భ రైలుమార్గమునందలి ఒక స్టేషను ఆయన పేరు ధరించియున్నది. అయినను వీనినన్నింటిని మించిన గౌరవము వేఱొకటి కలదని నా తలంపు. అది ఒక వంటకము. ఆ దేశపు గృహములందును, పాఠశాలల భోజనశాలలందును వడ్డింపబడు ఒక సామాన్యపు వంటకమే ఆయనకు తగిన స్మారకచిహ్నమని నేను నమ్ముచున్నాను. అట్లు నమ్ముటకు గల కారణములను వివరించెదను.

ఆ వంటకము పేరు 'ఆషి పర్మాంతియే'. ఫ్రెంచి భాషలో 'ఆషి' యనగా సన్నముగా తఱిగినది అని అర్థము. ఇంటిలో ముందటి దినమున ఉడికించిన పశుమాంసము మిగిలినచో, దానిని మెత్తగా తఱిగి, వేయించిన ఉల్లిపాయలతో కలిపి, ఒక పాత్రలో అడుగున పఱతురు. దానిపై ఉడికించి మెదిపిన బంగాళాదుంపల ముద్దను దళసరిగా పఱతురు. ఆ ముద్దలో పాలు, వెన్న, ఉప్పు, కొంచెము జాజికాయ పొడి కలుపుదురు. కొందఱు పైన రొట్టెపొడియో, తురిమిన జున్నో చల్లుదురు. పిదప ఆ పాత్రను ఓవెనులో పెట్టగా, పైపొర బంగారువన్నెకు తిరిగి కరకరలాడును. లోపలి భాగము మెత్తగా, వేడిగా నుండును.

ఇందు నేర్పంతయు దుంపను మెదుపుటలో నున్నది. బంగాళాదుంపలో అధికభాగము నీరు. తక్కినదానిలో ముఖ్యమైనది పిండిపదార్థము. ఆ పిండి సూక్ష్మమైన కణములలో ఇమిడియుండును. దుంప ఉడికినపుడు ఆ పిండి నీటిని పీల్చి ఉబ్బును. అప్పుడు మెల్లగా మెదిపినచో ముద్ద తేలికగా వచ్చును. అట్లుగాక అదేపనిగ రుబ్బినచో కణములు చిట్లి, పిండి వెలువడి, ముద్ద జిగురువలె సాగును. పైపొరకు బంగారువన్నె వచ్చుటకును కారణము కలదు. వేడిమికి పైనున్న నీరు ఇగిరిపోగా, పాలలోని మాంసకృత్తులును, చక్కెరలును పరస్పరము కలిసి క్రొత్త రుచిని, సువాసనను పుట్టించును. ఇందలి వస్తువులేవియు అరుదైనవి కావు. మిగిలినదానిని పాఱవేయక, దానికి క్రొత్త రుచి కల్పించిన గృహిణుల పొదుపే ఈ వంటకమునకు మూలము.

ఇట్టి వంటకమునకు ఒక శాస్త్రజ్ఞుని పేరేల వచ్చినది? దీనికి సమాధానము బంగాళాదుంప చరిత్రలో నున్నది. ఈ దుంపకు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతము. అచ్చటి ప్రజలు వేలకొలది సంవత్సరములకు పూర్వమే దీనిని సాగుచేయ నేర్చిరి. పదునాఱవ శతాబ్ది ఉత్తరార్ధమున స్పెయిను దేశీయులు దీనిని ఐరోపాకు కొనివచ్చిరి. కాని ఐరోపావాసులు దీనిని చూచి సంతోషింపలేదు. ఫ్రాన్సులో పెక్కుచోట్ల దీనిని పందులకు మేతగా వేసెడివారు. దీనిని తినినచో కుష్ఠురోగము కలుగునను భయము కూడ వ్యాపించియుండెను.

ఈ భయమును చూచి మనము నవ్వరాదు. బంగాళాదుంప మొక్క ఉమ్మెత్త కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబమున విషపూరితములైన మొక్కలు పెక్కు కలవు. ఈ మొక్కయొక్క ఆకులును, కాయలును నిజముగనే విషము. ఎండ తగిలి ఆకుపచ్చబాఱిన దుంపలో సోలనిన్ అను విషపదార్థము పెరుగును. కావున జనులు జంకుట పూర్తిగా అవివేకము కాదు. జంకు తప్పు కాదు. పరీక్షింపక ఆ జంకునే పట్టుకొని వ్రేలాడుట తప్పు. పర్మాంతియే గొప్పతనము ఇచ్చటనే కలదు. ఆయన పరీక్షించెను.

ఆయన 1737వ సంవత్సరమున జన్మించెను. 1756 మొదలు 1763 వఱకు జరిగిన సప్తవర్ష సంగ్రామమున ఫ్రెంచి సేనలో ఔషధశాలోద్యోగిగ పనిచేయుచు ప్రష్యా సైనికులకు బందీగ చిక్కెను. చెఱసాలలో ఆయనకు లభించిన ముఖ్యాహారము బంగాళాదుంపయే. తన దేశీయులు పందుల మేతగా ఎంచిన దానిని తిని ఆయన ఆరోగ్యముతో బ్రదికి బయటపడెను. ఈ అనుభవమును ఆయన మఱవలేదు. 1771లో బెజాన్సోన్ నగరపు పండితపరిషత్తు, కఱవుకాలమున జనులకు ఆహారముగా ఉపయోగింపదగిన మొక్కలనుగూర్చి ఒక వ్యాసపు పోటీ ప్రకటించెను. అందు పర్మాంతియేకు బహుమానము లభించెను. 1773లో బంగాళాదుంప రసాయనపరీక్షనుగూర్చి ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. తినుటకు యోగ్యమా, కాదా యను ప్రశ్నకు పుకార్లతో గాక, పరీక్షలతో సమాధానము చెప్పెను.

ఆనాటి ఫ్రాన్సులో సామాన్యుని జీవితము రొట్టెపై ఆధారపడియుండెను. గోధుమపంట చెడినచో రొట్టె ధర పెరుగును. ధర పెరిగినచో పేదలు పస్తులుందురు. కావున పర్మాంతియే బంగాళాదుంపనే రొట్టెగా మార్చ యత్నించెను. గోధుమపిండి ఏమాత్రము కలుపక దుంపలతోనే రొట్టె చేయు విధానమును వివరించుచు 1779లో ఒక గ్రంథము వ్రాసెను. ఆ రొట్టె జనాదరణ పొందలేదు. ఈ విషయము మనము గమనింపదగినది. క్రొత్తవస్తువునకు పాతవస్తువు వేషము వేసినంతమాత్రమున అది లోకమునకు ప్రియము కాజాలదు. బంగాళాదుంప రొట్టెగ గెలువలేదు. మెత్తని ముద్దగా, పులుసుగా, వేపుడుగా, తన స్వరూపముతోడనే గెలిచినది.

పర్మాంతియేనుగూర్చి ఒక కథ లోకప్రసిద్ధము. 1786లో పదునాఱవ లూయీ రాజు పారిస్ చెంతనున్న సాబ్లోన్ అను ఇసుకనేలలో కొంత భూమిని ఆయనకు ఇచ్చెను. అందు ఆయన బంగాళాదుంపలు నాటించెను. పంట పండిన వేళ పగలు సైనికులను కావలియుంచి, రాత్రి వారిని పంపివేసెనట. ఇంత కావలి యున్నచో ఇది మిగుల విలువగల పంట కావలెనని తలంచి, చుట్టుప్రక్కల జనులు రాత్రులయందు దుంపలు దొంగిలించి తమ చేలలో నాటుకొనిరట.

ఈ కథ వినుటకు ఇంపుగనే యుండును. కాని దీనిని యథార్థచరిత్రగా బోధించుట నాకు సమ్మతము కాదు. ఏలయన, ఇందు బుద్ధిమంతుడు ఒక్కడే; తక్కిన జనులందఱు మూఢులు. వాస్తవమట్టిది కాదు. ఒలివియే ద సేర్ అను వ్యవసాయశాస్త్రవేత్త 1600వ సంవత్సరముననే తన గ్రంథమున ఈ దుంప సాగును వర్ణించెను. అల్సాస్, లొరేన్ మొదలగు ప్రాంతములలోని రైతులు పర్మాంతియేకు ముందే దీనిని పండించి తినుచుండిరి. ఆ రైతుల పేర్లు ఏ గ్రంథమునందును లేవు. పేరు లేనంతమాత్రమున వారి పాలు తగ్గునా? పర్మాంతియే దుంపను కనుగొనలేదు; తెలిసినవారి తెలివిని తెలియనివారి కడకు చేర్చెను. శాస్త్రపరీక్షల బలముతో పండితులను, విందులతో ప్రభువులను ఒప్పించెను. ఇది స్వల్పమైన సేవ కాదు. అయినను దీనికి మించినది ఆయనకు అంటగట్టుట కూడ న్యాయము కాదు.

కనుకనే ఆ వంటకము నాకు విగ్రహముకంటె మిన్నగా తోచుచున్నది. ఆ వంటకమును పర్మాంతియే కనిపెట్టలేదు. ఆయన మరణించినది 1813లో. ఆయనపై గౌరవముతో తరువాతివారు దానికి ఆ పేరు పెట్టిరి. ఫ్రెంచి పాకశాస్త్రమున 'పర్మాంతియే' యను మాట వంటకపు పేరున కనబడినచో అందు బంగాళాదుంప కలదని గ్రహింపవలెను. మాంసమునకు మాఱుగా చేపను వాడినను, బాతుమాంసమును వాడినను, పైనున్న దుంపముద్దను బట్టి ఆ పేరే నిలిచియున్నది. శిలావిగ్రహము ఒక్కని ఘనతనే చాటును. వంటకమందో, శాస్త్రజ్ఞుని కృషితోపాటు రైతు శ్రమయు, గృహిణి నేర్పును కలిసియుండును.

ఒక శాస్త్రజ్ఞుని పేరు మిగిలిన మాంసముతో చేయు చవుక వంటకమునకు పెట్టుట ఆయనకు చిన్నతనము కాదా యని కొందఱు అడుగవచ్చును. కాదనియే నా సమాధానము. ఆకలిగొన్న సామాన్యునికై శ్రమించిన వానిపేరు సామాన్యుని పళ్లెమునందే వెలయవలెను. అంతేగాక, ఈ వంటకపు బంధువులు పెక్కుదేశములలో కలవు. ఇంగ్లండులో పశుమాంసముతో చేయుదానిని 'కాటేజి పై' యనియు, గొఱ్ఱెమాంసముతో చేయుదానిని 'షెపర్డ్స్ పై' యనియు పిలుతురు. మొదటిది గుడిసె పేరును, రెండవది గొఱ్ఱెలకాపరి పేరును ధరించినవి. కెనడాలోని క్విబెక్ ప్రాంతమున మాంసమునకును, దుంపకును నడుమ మొక్కజొన్నగింజల పొర వేయుదురు. ఎచ్చటనైనను ఇది రాజుల వంటకము కాదు. పొదుపెఱిగిన ఇండ్ల వంటకము. చవుకయైనది హీనమైనది కాదని ఇంతకంటె రుచికరముగ చెప్పగల పాఠము మఱియొకటి లేదు.

అయితే బంగాళాదుంప చరిత్ర మనకు ఒక హెచ్చరికను కూడ ఒసగుచున్నది. గోధుమ విఫలమైనపుడు తోడుగా నుండవలెననియే పర్మాంతియే ఈ దుంపను ప్రోత్సహించెను. ఐర్లండు దేశపు పేదలకో, ఇది తోడు కాక ఏకైకాధారమైనది. 1845లో ఒక తెగులు వచ్చి అచ్చటి దుంపపంటను నాశనము చేసెను. ఆ కఱవు కొన్ని సంవత్సరములు సాగి, సుమారు 10 లక్షలమంది ప్రాణములను బలిగొనెను. అచ్చటి పేదలు ఒకే దుంపను నమ్ముకొనునట్లు చేసినది వారి దారిద్ర్యము. దానికి తోడు పాలకుల ఉదాసీనత వారిని మఱింత కష్టపెట్టెను. ఒక పంటను వెలివేయుట ఎంత తప్పో, ఒక్క పంటనే నమ్ముకొనవలసిన స్థితిలో జనులను ఉంచుట అంతకుమించిన తప్పు.

బాలబాలికలారా! ఈ దుంప మనకును పరదేశమునుండి వచ్చినదే. కోస్తాజిల్లాలలో దీనిని బంగాళాదుంప యందురు. తెలంగాణమున ఆలుగడ్డ యందురు. రాయలసీమలో ఉర్లగడ్డ యందురు. మన ఆవకాయకు ఎఱుపును, కారమును ఇచ్చు మిరపకాయ కూడ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారమున మనకు వచ్చినదే. క్రొత్తదని మన పూర్వులు దానిని త్రోసివేసియున్నచో మన భోజనము ఎట్లుండెడిదో ఊహింపుడు. ఇందుకు భిన్నముగా, మన సొంత పంటలైన జొన్నలను, కొఱ్ఱలను పేదల తిండియని చిన్నచూపు చూచువారు మనలో కలరు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించిన పిదపనే కొందఱు వీనివైపు మరల చూచిరి. పరులు మెచ్చినగాని మన వస్తువు విలువ మనకు తెలియకుండుట మెచ్చదగినది కాదు.

పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానవాటికలో పర్మాంతియే సమాధి కలదు. దానిని దర్శింపవచ్చినవారు పూవులకు బదులు బంగాళాదుంపలను దానిపై ఉంచిపోవుచుందురు. ఒకనాడు పందులకు విసరిన దుంప నేడు కృతజ్ఞతకు గుర్తయ్యెను. దుంప మాఱలేదు, దానిని చూచు మనుష్యుల దృష్టి మాఱినది. ఏ ఆహారమునుగాని, ఏ మనుష్యునిగాని హీనమని నిర్ణయించుటకు ముందు స్వయముగ పరీక్షించి చూచుట మన ధర్మము. ఆషి పర్మాంతియే మనకు నేర్పు నీతి ఇదియే.