ఆసుపత్రి గడప దగ్గరే ఆగిన హక్కు

బెళగావి ఆడపడుచు, దంతవైద్యురాలు సవితా హాలప్పనవర్ 2012 అక్టోబరులో ఐర్లాండులోని గాల్వే ఆసుపత్రిలో కన్నుమూసింది. పదిహేడో వారంలో గర్భం నిలవదని తేలిపోయినా, పిండం గుండె ఆడుతోందంటూ గర్భస్రావానికి ఒప్పుకోలేదు. ఒళ్లంతా విషమెక్కి, ముప్పై ఒకటో ఏటనే ప్రాణం పోయింది. ఆ చావు ఆ దేశాన్ని కుదిపేసింది. 2018 మేలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66 శాతానికి పైగా ఓటర్లు రాజ్యాంగంలోని నిషేధాన్ని ఎత్తేయాలన్నారు. కన్నడ గడ్డ మీది బిడ్డ చావు పరాయి దేశపు చట్టాన్నే మార్చింది. మరి సొంతగడ్డ మీద సంగతేంటి?

బ్రిటన్‌లో 1967 చట్టం ఇద్దరు డాక్టర్లు సరేనంటే గర్భస్రావానికి వీలిచ్చింది. 1861 నాటి నేరచట్టాన్ని మాత్రం అలాగే ఉంచింది. గడువు దాటాక ఇంట్లో మాత్రలు వేసుకున్న ఒక తల్లికి 2023లో జైలుశిక్ష పడింది. ఇంగ్లండు, వేల్సుల్లో సొంత గర్భం విషయంలో స్త్రీని శిక్షించరాదన్న సవరణకు 2025 జూన్‌లో కామన్స్ సభ 379-137 ఓట్లతో ఆమోదం తెలిపింది.

మనదీ దాదాపు అదే కథ. 1971 చట్టం, 2021 సవరణ ఇరవై వారాల దాకా ఒక డాక్టరు, కొన్ని వర్గాల స్త్రీలకు ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలన్నాయి. పెళ్లికాని స్త్రీకీ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఒప్పుకోని సందర్భాల్లో మాత్రం నేరమే. పాత శిక్షాస్మృతిలోని 312వ సెక్షను, కొత్త న్యాయసంహితలో 88గా మళ్లీ వచ్చి కూర్చుంది.

ఇక బెంగళూరు. 2023లో బైయప్పనహళ్లి పోలీసులు తీగ లాగితే మండ్య జిల్లాలో డొంక కదిలింది. బెల్లం తయారీ కేంద్రంలో స్కానింగ్, ఆడపిల్లని తేలితే మైసూరులో గర్భస్రావం. మూడేళ్లలో దాదాపు తొమ్మిది వందలు జరిగాయన్నది పోలీసుల మాట. ఇది 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నేరం. ఈ ముఠాలను వదలకూడదు. అందులో రెండో మాట లేదు.

కానీ ఆ కేసుల భయం అసలు అవసరమున్న స్త్రీ మీద పడితే ఎట్లా? పోలీసుల గొడవెందుకని కొందరు డాక్టర్లు ఏ గర్భస్రావానికైనా చేతులెత్తేస్తారు. అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో కూలికొచ్చిన ఆడమనిషిని ‘నీ మొగుడేడి, సంతకం పెట్టించుకురా’ అని వెనక్కి పంపుతారు. చట్టానికి భర్త సంతకంతో పనే లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ తాను ఒప్పుకుంటే చాలు. పేరు బయటపెట్టడమే నేరం. ఈ ముక్క ఆమెకు చెప్పేదెవరు? చెప్పేవాళ్లు లేకపోతే ఆమె పోయేది నాటు వైద్యుడి దగ్గరికే.

లింగ నిర్ధారణ వేరు, సురక్షిత గర్భస్రావం వేరు. నిఘా స్కానింగ్ యంత్రాల మీద ఉండాలి గానీ గర్భిణి మీద కాదు. అనుమతి ఉన్న కేంద్రాలేవో, నియమాలేంటో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బోర్డు పెట్టాలి. కోలారు, చిక్కబళ్లాపుర, బళ్లారి జిల్లాల్లో కన్నడంతోపాటు తెలుగులోనూ రాయాలి. ఖర్చు పెద్దదేం కాదు. సవిత కోసం కంటతడి పెట్టిన రాష్ట్రానికి ఆ మాత్రం చేయడం భారమా?