తెలిసి చూసే కుస్తీ

వీధి భాగవతంలో కీచకవధ ఆడే రాత్రి, కీచకుడు చస్తాడన్న సంగతి ఎరుగని ప్రేక్షకుడు ఊరిలో ఒక్కడూ ఉండడు. భీముడి వేషం కట్టినవాడూ, కీచకుడి వేషం కట్టినవాడూ తెల్లవారి ఒకే పంక్తిన కూర్చుని భోజనం చేస్తారని కూడా అందరికీ తెలుసు. అయినా నర్తనశాలలో ముసుగు తొలగించి భీముడు లేచి నిలబడేసరికి, పసివారి నుంచి పండుముదుసలుల వరకు చాపల మీద నిటారుగా సర్దుకుంటారు. వారిని చూసి, “పాపం, అదంతా నటన అని తెలియక చూస్తున్నారు” అని ఎవరూ జాలిపడరు. ఆ జాలి మాత్రం టెలివిజన్‌లో వారం వారం కుస్తీ చూసే అభిమానుల పాలబడింది. “ఎవరు గెలవాలో ముందే రాసుకున్న పోటీని చూడడం ఏమిటి?” అన్న ప్రశ్న వారికి ప్రతి ఇంటా ఎదురవుతూనే ఉంటుంది.

ఆ ప్రశ్నలో ఒక దోషం ఉంది. అభిమానికి తెలియని రహస్యాన్ని తాము కనిపెట్టామని అడిగేవారు అనుకుంటారు. ఆ రహస్యం బయటపడి చాలా కాలమైంది. పూర్వం అమెరికాలో ఈ వృత్తివారు ‘కేఫేబ్’ అనే నియమాన్ని ప్రాణప్రదంగా పాటించేవారు. గోదాలో శత్రువులైనవారు బయట కలిసి తిరగకూడదు. గాయపడినట్లు నటించినవాడు ఇంటి దగ్గర కూడా కుంటుతూ నడవాలి. కానీ 1989లో నేడు డబ్ల్యు.డబ్ల్యు.ఇ.గా పిలవబడుతున్న సంస్థే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు, ఇది నిజమైన పోటీ కాదు, వినోద ప్రదర్శన మాత్రమే అని ఒప్పుకుంది. సత్యవ్రతం కోసం కాదు. క్రీడా నియంత్రణ సంఘాల పెత్తనం, పన్నుల భారం తప్పించుకోవడానికి. కారణమేదైనా గుట్టు రట్టయింది. ఆ తరువాత నాలుగేళ్లకు, 1993 జనవరి 11న, న్యూయార్క్ నగరంలోని మన్‌హటన్ సెంటర్‌లో ‘మండే నైట్ రా’ అనే వారపు కార్యక్రమం మొదలైంది. అంటే ఈ కార్యక్రమాన్ని మొదటినాటి నుంచి చూసినవారందరూ తెలిసి చూసినవారే.

అక్కడి సోమవారం రాత్రి భారతదేశానికి మంగళవారం తెల్లవారుజాము. సంస్థ పాతపేరు డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. వన్యప్రాణి సంరక్షణ సంస్థతో పేరు విషయమై వచ్చిన వివాదం వల్ల 2002లో అది మారింది. మన ఊళ్లలో మాత్రం పాతపేరుతో పిలిచేవారు ఇప్పటికీ ఉన్నారు. మల్లుల బొమ్మలు, వారి ఎత్తు, బరువు అచ్చువేసిన ముక్కలతో బడి అరుగుల మీద ఆడుకున్న తరం అది. హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన దలీప్ సింగ్ రాణా ‘గ్రేట్ ఖలీ’ పేరుతో 2007లో ప్రపంచ హెవీవెయిట్ బిరుదు పొందినప్పుడు ఆ తరం పొంగిపోయింది. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో జాన్ సీనా గోదాలోకి దిగినప్పుడు చప్పట్లు కొట్టినవారిలో ఆ ముక్కలాట ఆడినవారూ, వారి పిల్లలూ ఉండే ఉంటారు. ఇనుప గొలుసులను ఛాతీ విరిచి తెంచిన కోడి రామ్మూర్తి నాయుడిని చూడడానికి జనం సర్కస్ డేరాల ముందు బారులు తీరిన నేలకు బలప్రదర్శన కొత్తది కాదు.

ఫలితం ముందే తెలిస్తే రుచి పోతుందనే వాదానికి 1999 జనవరి 4 రాత్రి చక్కని సమాధానం దొరికింది. ఆ రోజుల్లో ‘రా’కు ‘నైట్రో’ అనే ప్రత్యర్థి కార్యక్రమం ఉండేది. రెండూ సోమవారం రాత్రి ఒకే వేళకు వచ్చేవి. ఒక దశలో నైట్రో వరుసగా 83 వారాలు ప్రేక్షకుల సంఖ్యలో పైచేయి సాధించింది. ఆ రాత్రి ప్రసారమైన ‘రా’ ముందుగానే చిత్రీకరించినది. అందులో మ్యాన్‌కైండ్ అనే పేరుతో ఆడే మిక్ ఫోలీ మొదటిసారిగా ప్రధాన బిరుదు గెలుస్తాడని నైట్రో వ్యాఖ్యాత తన ప్రసారంలోనే వెల్లడించి, హేళన చేశాడు. ఫలితం తెలిసిపోయింది గనుక ఇక అటు ఎవరూ పోరని నైట్రో వారి అంచనా. జరిగింది వేరు. లక్షలాది ప్రేక్షకులు అప్పటికప్పుడు నైట్రోను వదిలి ‘రా’ వైపు మళ్లారు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి గెలిచే ఘడియను కళ్లారా చూడాలని వారి కోరిక. రెండేళ్లు గడిచాక, 2001 మార్చిలో, నైట్రో సంస్థను దాని ప్రత్యర్థే కొనివేసింది.

గెలుపు ముందే నిర్ణయమైనదే. పడడం మాత్రం నిజం. గోదా అడుగున ఉక్కు దూలాలు, వాటిపైన చెక్కలు, ఆపైన పలుచని మెత్త ఉంటాయి. ఎనిమిది అడుగుల ఎత్తు నుంచి వీపున పడేవాడికి భూమ్యాకర్షణ శక్తి ఏ రచయిత మాటా వినదు. ప్రత్యర్థిని ఎత్తి పడవేయడం ఇందులో సగం విద్య మాత్రమే. అతడి మెడ విరగకుండా పడవేయడం మిగిలిన సగం. శత్రువుగా నటిస్తూనే శత్రువు ప్రాణాన్ని చేతుల్లో భద్రంగా మోయవలసిన వింత వృత్తి ఇది. అనుభవజ్ఞులైన అభిమానులు మెచ్చుకునేది ఈ నేర్పునే. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1957లో వెలువరించిన తన వ్యాససంపుటిలో కుస్తీని క్రీడగా కాక నాటకంగా పరిగణించి చర్చించాడు. ఆయన మాట సబబే కాని, నాటకంలో కత్తి అట్టముక్క. ఇక్కడ ఎముక ఎముకే.

ఈ నాటకంలో ప్రేక్షకుడికీ ఒక పాత్ర ఉంది. అది చిన్న పాత్ర కాదు. డేనియల్ బ్రయన్ అనే పొట్టి మల్లుడిని సంస్థ పెద్దలు అగ్రస్థానానికి తగినవాడిగా భావించలేదు. అభిమానులు మాత్రం ఆయన ప్రవేశించినప్పుడల్లా రెండు చూపుడువేళ్లూ పైకెత్తి “యెస్! యెస్!” అని హోరెత్తించేవారు. 2014 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన ముప్ఫైమంది పోటీలో ఆయన లేడు. చివరివాడుగా వచ్చింది ఆయన కాదని తేలగానే, ఎంతో ప్రేమపాత్రుడైన రే మిస్టీరియోను సైతం జనం ఎగతాళి చేశారు. రాసుకున్న కథ మారక తప్పలేదు. ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన రెజిల్‌మేనియాలో బిరుదు బ్రయన్‌నే వరించింది. మన రంగస్థలం మీద పద్యానికి “వన్స్ మోర్” కొట్టి మళ్లీ పాడించుకున్న ప్రేక్షకులకు ఈ అధికారం పరిచితమే.

2020 మార్చిలో కరోనా వల్ల ప్రేక్షకులను అనుమతించడం మానివేశారు. ఓర్లాండోలోని శిక్షణ కేంద్రంలో ఖాళీ కుర్చీల ముందు మల్లులు తలపడ్డారు. బూట్ల చప్పుడు, ఊపిరి తీసే చప్పుడు, చెక్కల మోత వినిపించాయి. దుష్టపాత్రధారి వెక్కిరిస్తే తిట్టేవారు లేరు. వీరుడు లేస్తే లేపినవారు లేరు. ఆగస్టు నుంచి గోదా చుట్టూ తెరలు పేర్చి, ఇళ్లలో ఉన్న ప్రేక్షకుల ముఖాలు చూపించి, కేకలను యంత్రంతో వినిపించారు. ముఖాలైతే వచ్చాయి గాని హోరు రాలేదు. 2021 జులైలో హ్యూస్టన్‌లో జనం తిరిగి వచ్చేదాకా ఆ కొరత తీరలేదు.

ఇంతటి పాత్ర ఉన్నవారికి బాధ్యత లేదనడం కుదరదు. 1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే మల్లుడిని పైకప్పు నుంచి తాడుతో దించుతుండగా కొక్కెం ఊడి, దాదాపు 78 అడుగుల నుంచి పడి మరణించాడు. ఇది కథలో భాగం కాదని వ్యాఖ్యాత జిమ్ రాస్ టెలివిజన్ చూసేవారికి పదేపదే చెప్పవలసి వచ్చింది. ఆ భవనంలో ఉన్న వేలాదిమందికి ఆయన మరణవార్త చెప్పలేదు. ప్రదర్శన కొనసాగింది. ఆ రాత్రి తప్పు ప్రేక్షకులది కాదు. కాని పైనుంచి దూకేవాడికే ఎక్కువ చప్పట్లు, తల మీద కుర్చీ దెబ్బ తినేవాడికే ఎక్కువ పేరు అని వారం వారం తీర్పు చెప్పింది ప్రేక్షకులే. తల మీద కుర్చీతో కొట్టడాన్ని సంస్థ 2010లో నిషేధించేవరకు ఆ కేకలు తగ్గలేదు. గోదాలో తగిలిన గాయాలకు సంస్థ చికిత్స చేయిస్తుంది. అయితే చట్టం దృష్టిలో ఈ మల్లులు ఉద్యోగులు కారు, గుత్తేదారులు. ఆరోగ్యబీమా ఎవరిది వారే చూసుకోవాలి. ఏడాది పొడవునా విరామకాలమంటూ లేని కార్యక్రమానికి ఇది న్యాయమైన ఏర్పాటు కాదు. “అంతా బూటకం” అని కొట్టిపారేసేవారికి ఈ సంగతి పట్టదు, పట్టవలసినది అభిమానులకే.

2016 ఫిబ్రవరి 8న సియాటిల్‌లో ‘రా’ జరుగుతుండగా డేనియల్ బ్రయన్ తన స్వరాష్ట్ర ప్రజల ముందు గోదా మధ్య నిలబడి, తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల విరమిస్తున్నానని ప్రకటించాడు. మెదడు పరీక్షల సంగతి దాచలేదు. ఆ మాటలు ఎవరూ రాసి ఇచ్చినవి కావని సభకు అర్థమైంది. పెద్దవాళ్లు కన్నీరు పెట్టుకుంటూనే చూపుడువేళ్లు పైకెత్తారు. రెండేళ్ల తరువాత, 2018 మార్చిలో, వైద్యుల అనుమతితో ఆయన తిరిగి వచ్చాడు. అభిమానులు మునుపటిలాగే “యెస్! యెస్!” అని హోరెత్తించారు. ఆ తరువాత ఆయన వెల్లకిలా పడిన ప్రతిసారీ, మళ్లీ కదిలేవరకు ఊపిరి బిగబట్టి చూసినవారు వారిలోనే ఎందరో ఉన్నారు.