మోకాలు దాచుకుని మ్యాట్ ఎక్కొద్దు

బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో జాతర అంటే కుస్తీ ఉండాల్సిందే. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగుస్తుంది. ఆ మట్టి బరి ఎక్కువగా మగవాళ్లదే. అమ్మాయిలకు పట్టు దొరికేది కాలేజీ మ్యాట్ మీద. అక్కడికి ఎందుకొస్తున్నారో మీకూ తెలుసు. ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఆడితే ఫారం-3 వస్తుంది, దాంతో సర్కారు కొలువుల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటాకు దారి. నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఈ ప్రాంతంలో అలాంటి కాగితానికి ఎంత విలువో వేరే చెప్పాలా?

చిక్కల్లా అక్కడే ఉంది. సెలక్షన్స్ ముందు మోకాలు టక్‌మంటుంది. చెబితే టీంలోంచి తీసేస్తారు, ఇంట్లో తెలిస్తే ఆటే మాన్పిస్తారు. అందుకే నొప్పి మాత్ర వేసుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టి దిగిపోతారు. మాత్ర నొప్పిని ఆపుతుంది కానీ లిగమెంటును అతికించదు. షూ మ్యాట్‌ను పట్టేసినప్పుడు ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. ఏసీఎల్ పూర్తిగా తెగిందా, ఆపరేషన్ తర్వాత మళ్లీ పట్టు పట్టడానికి తొమ్మిది నెలలైనా ఆగాలి. పోలీసు ఉద్యోగం అనుకునేవాళ్లకు పరుగు పరీక్ష కూడా ఉంటుంది, గుర్తుందా?

బరువు తగ్గించుకోవడమూ ఇంతే. తిండి, నీళ్లు మానేసి కేటగిరీలోకి దిగుతారు. పీరియడ్స్ ఆగిపోతే 'పోటీ అయ్యాక చూద్దాంలే' అనుకోవద్దు. తిండి చాలడం లేదని ఒళ్లు చెబుతున్న మాట అది కావొచ్చు. అలాగే సాగితే ఎముకలు బలహీనమవుతాయి. ఈ సంగతి మగ కోచ్‌కు చెప్పలేక ఊరుకునే అమ్మాయిలు ఎందరో.

మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌నే చూడండి. ఆమెది బాక్సింగ్, అయినా భుజం భుజమే. 2017లో దెబ్బ తగిలింది ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లోనే, మీరు ఫారం-3 కోసం వెళ్లే చోటే. సర్జరీ, దాదాపు ఏడాది ఆటకు దూరం. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, 2024లో డీఎస్పీ అయింది. కుస్తీలో వినేశ్ ఫోగాట్‌ను 2016 రియోలో మోకాలి గాయంతో స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. 2018లో జకార్తా ఏషియాడ్ స్వర్ణం ఆమెదే. ఇద్దరూ ఆగి, చికిత్స చేయించుకుని, మళ్లీ మొదలుపెట్టారు. ఆగే వీలు వాళ్లకు దొరికింది. డిగ్రీ మూడేళ్లలో ఫారం సంపాదించాల్సిన అమ్మాయికి అది దొరకడం లేదు. తప్పు ఆమెది మాత్రమే అనలేం. దెబ్బ తగిలిన అమ్మాయికి వచ్చే ఏడాది సెలక్షన్స్‌లో మళ్లీ అవకాశం ఇస్తామని కాలేజీ ముందే చెబితే, ఎవరు దాస్తారు?

దెబ్బ తగిలిన రోజే టీం మేనేజర్‌తో రాయించుకోండి. డాక్టర్ చీటీ, స్కాన్ రిపోర్టు భద్రంగా పెట్టుకోండి. ఇక ఈసారి పేరిచ్చే ముందు పీడీ సార్‌ను అడగండి: మ్యాట్ పక్కన ఫిజియో ఉంటారా? ఐస్ ఉంటుందా? అంబులెన్స్ ఎక్కడ ఆగుతుంది?