గంజాయి కేసు ఖైదీకి పూటపడేది ఎవరు?



అమెరికా ఫెడరల్ జైలులో ఉన్న ఖైదీ ముసలివాడైనా, తీరని జబ్బున పడినా, కనికరించి విడుదల చేయమని కోర్టును అడగవచ్చు. 2018కి ముందు ఆ మాట జైళ్ల శాఖే అడగాలి. ఆ ఏడాది వచ్చిన ఫస్ట్ స్టెప్ చట్టం ప్రకారం, జైలు అధికారికి అర్జీ పెట్టి 30 రోజులు చూశాక ఖైదీయే నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. మత్తుమందుల కేసుల్లో పెద్ద శిక్షలు పడినవారు కూడా ఈ దారిన బయటికి వస్తున్నారు.

మరి మన కోరాపుట్, రాయగడ జైళ్ల సంగతి?

1985 నాటి ఎన్‌డిపిఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్ల కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. 20 కిలోలంటే ఎంత? నెత్తిన పెట్టుకుని కొండ దిగే ఒక మూట. కూలికి ఆ మూట మోసిన పరజ, కోంధు యువకుడికీ, పెట్టుబడి పెట్టిన షావుకారుకూ చట్టంలో కనీస శిక్ష ఒక్కటే. కాకపోతే చెక్‌పోస్టు దగ్గర మూటతో పట్టుబడేవాడు షావుకారు కాదు. గంజాయి మన పిల్లలను పాడుచేస్తోందని మాకు తెలుసు. దాన్ని మేము వెనకేసుకు రావడం లేదు.

బెయిలు కావాలంటే, 37వ సెక్షన్ ప్రకారం, ఇతడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని జడ్జికి తోచాలి. అదీ సాక్షుల విచారణ పూర్తికాకముందే! శిక్ష పడ్డాక 32ఎ సెక్షన్ అడ్డం వస్తుంది. మత్తుమందు వాడిన కేసు తప్ప మిగతావాటిలో శిక్ష తగ్గింపు లేదు. హంతకుడికి మంచి నడవడికకు దొరికే రోజుల మాఫీ కూడా మూట మోసినవాడికి దొరకదు. ఇదేం తూకం?

అయినా తలుపులన్నీ మూసుకోలేదు. అప్పీలు నడుస్తుండగా శిక్షను నిలిపే అధికారం కోర్టుల నుండి తీసివేయరాదని, పెరోలుకు 32ఎ అడ్డం కాదని 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రపతికి, గవర్నరుకు రాజ్యాంగం ఇచ్చిన క్షమాధికారాన్ని మామూలు చట్టం తగ్గించలేదని 1980లో మారూరాం కేసులోనే తేలింది. విచారణ ఏళ్ల తరబడి సాగితే 37వ సెక్షన్ ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసు తీర్పు. అయితే ఈ తలుపులు తట్టడానికి మనిషి కావాలి. రాయగడ వారికి విజయనగరం, విశాఖ దగ్గర. హైకోర్టు మాత్రం కటక్‌లో ఉంది. ఒక రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇల్లాలు అంత దూరం ఎన్నిసార్లు వెళ్తుంది?

బెయిలు వచ్చినా జామీను దొరక్క లోపలే ఉండిపోయేవారున్నారు. అందుకే 2023 జనవరి 31న సుప్రీంకోర్టు జైళ్లకు, కోర్టులకు ఉత్తర్వులిచ్చింది. వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు ఆలోచించవచ్చు.

జామీనుకు మన బైబిలులో మాట పూటపడటం. అన్యునికి పూటపడవద్దని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది కదా అంటారు కొందరు పెద్దలు. నిజమే, అప్పుల సంగతిలో అది మంచి బుద్ధి. కానీ బెన్యామీను కొరకు యూదా పూటపడ్డాడు. ఒనేసిము బాకీ తన లెక్కలో వేసుకోమని పౌలు ఫిలేమోనుకు రాశాడు, అదీ తానే బంధకాల్లో ఉండి. క్రిస్మస్‌కు జైలులో పండ్లు, కేకులు పంచి ఫోటో దిగే మన సంఘాల్లో భూమి పట్టా ఉన్న విశ్వాసులు ఎంతమంది లేరు? వారిలో ఒక్కరు జామీను సంతకానికి వస్తే చాలదా?

యౌవనస్థులకు ఒక పని. ఆదివాసులకు, దళితులకు, స్త్రీలకు, నిర్బంధంలో ఉన్న ఎవరికైనా 1987 చట్టం ప్రకారం ఉచిత వకీలు హక్కు. మీ గ్రామంలో జైలులో ఉన్నవారి ఇంటికి వెళ్లండి. కేసు నంబరు, అరెస్టు తేదీ, వచ్చే వాయిదా, జబ్బు ఉంటే వైద్యుని కాగితం రాసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టండి. ఒడియా రాయలేకపోతే మీ పాస్టరు గారిని అడగండి.