కారు పార్క్ చేశాక కూడా డ్యాష్‌క్యామ్ పనిచేయాలంటే? పొద్దున బండి స్టార్ట్ అవుతుందా?

రాత్రి ఇంటి ముందు రోడ్డు పక్కన కారు పెట్టి పడుకుంటారు. పొద్దున చూస్తే ముందు బంపర్ సొట్టపోయి, హెడ్‌ల్యాంప్ పగిలి ఉంటుంది. ఎవరు గుద్దారో తెలియదు. వాచ్‌మన్ తాను చూడలేదంటాడు. ఎదురింటి సీసీ కెమెరా వాళ్ల గేటునే చూస్తుంటుంది. 'మీ కారులో డ్యాష్‌క్యామ్ ఉంది కదా' అని పక్కింటాయన గుర్తుచేస్తాడు. తీరా మెమరీ కార్డు తీసి చూస్తే, చివరి వీడియో మీరు ఇంజిన్ ఆపిన క్షణంతోనే ఆగిపోయి ఉంటుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలనీల్లో ఒక ఫ్లాటుకు ఒక పార్కింగ్ చోటే దొరుకుతుంది. రెండో కారు రోడ్డు మీదే. అందుకే డ్యాష్‌క్యామ్ కొనేవాళ్లు ఇప్పుడు ముందుగా అడిగే ప్రశ్న, 'పార్కింగ్‌లో కూడా రికార్డ్ చేస్తుందా?' అమ్మేవాళ్లు '24 గంటలూ చేస్తుంది సార్' అంటారు. కెమెరా వరకు అది నిజమే. కారు బ్యాటరీ దానికి ఒప్పుకుంటుందా అన్నదే అసలు సంగతి.

నంబర్ ప్లేట్ ఎందుకంత ముఖ్యం?

ఆగి ఉన్న కారును గుద్ది వెళ్లిపోవడం చట్టప్రకారం చిన్న విషయం కాదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో ఇతరుల ఆస్తి దెబ్బతిన్నా సరే డ్రైవర్ పోలీసులకు సమాచారం ఇవ్వాలి. అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటల్లోగా దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి. చెప్పకపోతే 187వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ రూ.5,000 వరకు జరిమానా గానీ పడొచ్చు. కానీ బండి నంబరే తెలియకపోతే ఈ సెక్షన్లన్నీ కాగితం మీదే ఉంటాయి.

'హిట్ అండ్ రన్ పరిహారం వస్తుంది కదా' అని కొందరు అనుకుంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ పథకం కింద మరణిస్తే రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు ఇస్తారు. అది మనుషులకే. కారుకు పడిన సొట్టకు అందులో పైసా రాదు.

తాళం తీయగానే కెమెరా ఎందుకు ఆగుతుంది?

చాలా కార్లలో ఛార్జింగ్ సాకెట్‌కు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే కరెంట్ వస్తుంది. కెమెరా అందులోనే గుచ్చి ఉంటుంది కాబట్టి తాళంతో పాటే అదీ ఆగుతుంది. కెమెరాలో బ్యాటరీ ఉంటుంది కదా అంటే, అది మొదలైన ఫైలును సరిగ్గా మూసి సేవ్ చేయడానికే సరిపోతుంది. కొన్నింటిలో అసలు బ్యాటరీయే ఉండదు, దాని బదులు కెపాసిటర్ ఉంటుంది. మన ఎండలకు నిజానికి అదే మంచిది, ఉబ్బిపోయే భయం ఉండదు. దాంతో రాత్రంతా నడపడం మాత్రం కుదరదు.

కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా సాకెట్‌కు కరెంట్ వస్తూనే ఉంటుంది. అది ఇంకా ప్రమాదం. కెమెరా ఆగకుండా నడుస్తూ, అడ్డుచెప్పేవాళ్లు లేక బ్యాటరీని పూర్తిగా తాగేస్తుంది.

లెక్క వేసి చూద్దాం

ఒక్క ముందు కెమెరా రికార్డింగ్‌లో ఉంటే సుమారు 4 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది గంటకు ఆంపియర్‌లో మూడో వంతు. రోజంతా నడిస్తే 8 ఆంపియర్-అవర్లు, అంటే 8 ఏహెచ్. సెంట్రల్ లాకింగ్, అలారం, గడియారం వంటి వాటికి కారు సొంతంగా రోజుకు మరో 1 ఏహెచ్ దాకా వాడుకుంటుంది. మొత్తం 9.

చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్లలో సాధారణంగా 35 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. అందులో సగం కంటే కిందికి దిగితే పొద్దున సెల్ఫ్ తీసుకోవడం అనుమానమే. పైగా ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీలను పదేపదే లోతుగా ఖాళీ చేస్తే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి మనం వాడుకోగలిగింది 17 ఏహెచ్. అంటే రెండు రోజులు కూడా నిండవు. వెనక కెమెరా కూడా ఉండి 6 వాట్లు తీసుకుంటే ఒకటిన్నర రోజు లోపే అయిపోతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీకి 35 అని రాసి ఉన్నా లోపల అంత ఉండదు, దాని లెక్క ఇంకా తక్కువ.

రాత్రి పూట 12 గంటలకైతే 4 ఏహెచ్ చాలు. ఏ బ్యాటరీ అయినా తట్టుకుంటుంది. అయితే ఆ 4 ఏహెచ్ మర్నాడు తిరిగి నిండాలి. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి పావుగంటలో వెనక్కి వచ్చే కారులో అది నిండదు. లోటు రోజురోజుకూ పెరిగి, వారం తిరిగేసరికి ఒక పొద్దున 'టక్ టక్' అన్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. మా ఆఫీసులో ఒకరికి సరిగ్గా ఇదే జరిగింది. తప్పంతా బ్యాటరీదే అనుకుని కొత్తది వేయించారు. రెండు నెలలకు మళ్లీ అదే కథ.

వోల్టేజీ కటాఫ్ ఎంత పెట్టాలి?

దీనికి పరిష్కారంగా వచ్చిందే హార్డ్‌వైర్ కిట్. ఫ్యూజ్ బాక్సు నుంచి నేరుగా కెమెరాకు కరెంట్ ఇస్తూ, బ్యాటరీ వోల్టేజీని గమనిస్తుంటుంది. మనం పెట్టిన గీత కిందికి పడగానే కెమెరాను ఆపేస్తుంది. పూర్తిగా ఛార్జ్ అయి విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపిస్తుంది. 12.2 దగ్గర సుమారు సగం మిగిలినట్టు. 11.8 అంటే దాదాపు ఖాళీ.

కిట్లలో 11.6 నుంచి 12.4 దాకా ఆప్షన్లు ఉంటాయి. బిగించేవాళ్లలో చాలామంది కెమెరా ఎక్కువసేపు నడవాలని తక్కువ గీతే పెట్టి ఇస్తారు. మీరు అడిగి 12.2కు మార్పించుకోండి. అలా పెట్టాక కెమెరా తెల్లవారుజామున మూడింటికే ఆగిపోతుంటే కిట్ పాడైందని అనుకోకండి. బ్యాటరీ బలహీనపడిందని అది ముందే చెబుతోంది.

కిట్‌కు మూడు వైర్లుంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంట్ ఉండే ఫ్యూజ్‌కు, రెండోది ఇగ్నిషన్‌తో ఆన్ అయ్యే ఫ్యూజ్‌కు, మూడోది బాడీ ఎర్త్‌కు. రెండో వైరు వల్లే కారు ఆగిందని కెమెరాకు తెలుస్తుంది. మొదటి రెండూ కలిపి ఒకేచోట ఇస్తే పార్కింగ్ మోడ్ రాదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజ్‌లను ముట్టుకోనివ్వకూడదు. వైరు కోసి టేపు చుట్టడానికి కూడా ఒప్పుకోవద్దు. ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న క్లిప్ దొరుకుతుంది, దానితో కంపెనీ వైరింగ్‌ను కోయకుండానే పని అయిపోతుంది. కోసిన వైరు కనిపిస్తే వారంటీ క్లెయిమ్‌లో పేచీ పెట్టడానికి సర్వీస్ సెంటర్‌కు సాకు దొరికినట్టే. అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో వైరు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు.

వైరింగ్ జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు ఓబీడీ పోర్టులో గుచ్చే కేబుల్ ఉంది. అందులోనూ కటాఫ్ ఉన్నదే తీసుకోవాలి. కెమెరా కోసమే వేరే బ్యాటరీ ప్యాక్ పెట్టుకుంటే కారు బ్యాటరీకి బెంగ ఉండదు, కానీ ధర కెమెరాను మించిపోవచ్చు. మామూలు పవర్ బ్యాంకు డ్యాష్‌బోర్డులో వదిలేసే ఆలోచన మాత్రం మానుకోండి. బయట 40 డిగ్రీలుంటే, తలుపులు మూసి ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటుతుంది. లిథియం బ్యాటరీని పెట్టాల్సిన చోటు కాదది.

ఎలక్ట్రిక్ కారు వాళ్లకు ఈ గొడవ లేదనుకోవడమూ పొరపాటే. వాటిలోనూ లైట్లు, లాకులు నడిపేది చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేల్కొనదు.

అన్ని పార్కింగ్ మోడ్‌లూ ఒకటి కాదు

తక్కువ కరెంట్ వాడే మోడ్‌లో కెమెరా నిద్రపోతుంది, కుదుపు తగిలితేనే లేస్తుంది. లేవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఈలోగా గుద్దిన బండి వెళ్లిపోవచ్చు. దెబ్బకు ముందు కొన్ని సెకన్లు కూడా దాచే బఫర్ మోడ్ ఉంటే నంబర్ చిక్కే అవకాశం ఎక్కువ. కానీ అందుకు కెమెరా మెలకువగా ఉండాలి, అంటే పైన వేసిన లెక్క పూర్తిగా వర్తిస్తుంది. టైమ్‌ల్యాప్స్ మధ్యస్థం.

ఎంత మంచి కెమెరా అయినా దానికి పక్క తలుపులు కనిపించవు. కీతో గీత గీసి పోయినవాడు దొరకడు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో ప్లేట్ తెల్లగా కాలిపోయినట్టు పడటమూ మామూలే. గేటు, వాచ్‌మన్, సీసీ కెమెరాలు ఉన్న సెల్లార్‌లో కారు పెట్టేవాళ్లకు ఈ ఖర్చు అవసరం లేదనే నేనంటాను. రోడ్డు మీద పెట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్లు కూడా పగలు ఆఫీసు దగ్గర ఎండలో ఆపేసి, రాత్రికి మాత్రమే పెట్టుకుంటే బ్యాటరీకీ కెమెరాకూ మేలు. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తుంటే కిట్ ఊడదీసి వెళ్లండి.

వీడియో దొరికింది, తర్వాత?

ముందు కార్డు బయటికి తీయండి. లూప్ రికార్డింగ్‌లో పాతవాటి మీద కొత్తవి పడిపోతుంటాయి. అసలు ఫైలును అలాగే ఉంచి, కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే వీడియో కుదించుకుపోతుంది, నంబర్ కనపడకపోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఒక భాగం కెమెరా యజమానిది, రెండోది నిపుణుడిది. ఫైలు మారితే హ్యాష్ కూడా మారిపోతుంది. కెమెరాలో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఏళ్ల క్రితం తేదీ చూపించే కెమెరాలు చాలానే తిరుగుతున్నాయి.

మీ వీడియోలో సగమే పడితే, దగ్గర్లోని దుకాణాలు, ఆస్పత్రుల ఫుటేజీ కోసం పోలీసులను అడగొచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో తెచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, ఫుటేజీని 30 రోజులు దాచాలి. అందుకే ఆలస్యం చేయకుండా ఫిర్యాదు ఇవ్వాలి.

నంబర్ దొరికితే ఎంపరివాహన్ యాప్‌లో ఆ బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. కార్ల థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా రూ.7.5 లక్షల వరకు కవర్ ఉంటుంది. దాన్ని మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో అడగొచ్చు. సమయం పడుతుంది, తిరగాల్సి వస్తుంది. నష్టం పెద్దదైతేనే అది గిట్టుబాటు. చిన్న సొట్టకు చాలామంది సొంత పాలసీలోనే క్లెయిమ్ చేస్తారు. అప్పుడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినవాళ్లకు అది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం. క్లెయిమ్ ఫారం నింపే ముందు ఆ మొత్తాన్నీ, మెకానిక్ చెప్పిన రిపేర్ ఖర్చునూ పక్కపక్కన రాసుకుని చూడండి. అంతకంటే ముందు, వీడియో పట్టుకుని అవతలి బండి యజమానితో ఒకసారి మాట్లాడి చూడండి. నంబర్ స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు చాలా గొడవలు స్టేషన్ మెట్లు ఎక్కకముందే తేలిపోతాయి.